రాజు దుమికిన రోజు

మా బాపుది వరంగల్ బజారులో బట్టల దుకాణం. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా గిరాకీ ఉండేది కాదు. ఆ రెండు గంటలూ దుకాణం ముందరి అరుగు మీద చదరంగం నడిచేది. ఆడేది ముగ్గురు. పెన్షన్ తీసుకుంటున్న పోస్టుమాస్టరు తాత, పక్క కొట్టు దర్జీ చాచా, మిర్చి వ్యాపారం చేసే మామ. ఈ జిల్లాలో తమను మించిన ఆటగాళ్లు లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. వేరే ఎవరితోనూ ఆడలేదు కనక ఆ నమ్మకానికి ఏ ఢోకా రాలేదు.

చాయ్ గ్లాసులు అందించే వంకతో పక్కన చేరి నేను ఆట నేర్చుకున్నాను. ఎనిమిదో ఏట చాచాను ఓడించాను. "కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన బేటీ" అన్నాడు. తొమ్మిదో ఏట మామను ఓడించాను. "ఆడపిల్లవని ఇడిసిపెట్టిన" అన్నాడు. పదో ఏట పోస్టుమాస్టరు తాతను వరసగా మూడాటలు ఓడిస్తే, ఎండకు తలకాయ పనిచేస్తలేదన్నాడు. అప్పుడు బయట వాన పడుతోంది.

నా గెలుపులో తెలివి సగం, కంత్రీతనం సగం. మంచి ఎత్తు వేయగానే నోటి మీద చెయ్యి పెట్టుకొని "అయ్యో, తప్పు పెట్టిన!" అనేదాన్ని. ఎదుటి ముసలాయన కళ్లు మెరిసేవి. ఆశపడి వచ్చి ఇరుక్కునేవాడు. నా దగ్గర ఇంకో మందు కూడా ఉండేది. మా అరుగు చదరంగంలో ఒక కాయిదా ఉంది. రాజుకు ఒక్కసారి కూడా షా, అంటే చెక్, చెప్పనంతవరకు, ఆటలో ఒకే ఒక్కసారి రాజు గుర్రంలా దుమకవచ్చు. పెద్దవాళ్లు తొందరపడి మొదట్లోనే దుమికించేసేవాళ్లు. నేను దాచుకునేదాన్ని. వాళ్లు నా రాజును మూలకు నెట్టి, మీసం మీద చెయ్యి వేశాక అప్పుడు దుమికించేదాన్ని. "పోరి గాదిది, పిశాచం" అనేవాడు మామ. నాకు ఆ మాట ఎంతో ఇష్టం.

నాకు పన్నెండేళ్లు రాగానే మా బాపమ్మ మొదలుపెట్టింది. "ఈడొస్తున్న పిల్ల, బజార్ల మొగోళ్ల నడుమ కూసునుడేంది? నలుగురు నవ్వుతాండ్రు" అని రోజూ బాపును సతాయించేది. బాపుకు చదరంగం రాదు. మీటరు కర్రతో బట్ట కొలుస్తూ ఎప్పుడూ మాకు వీపు పెట్టే ఉండేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, హన్మకొండలో ఒక కాలేజీలో జిల్లా చెస్ పోటీ ఉందని పోస్టుమాస్టరు తాత కబురు తెచ్చాడు. బాపు రెండు నిమిషాలు ఆలోచించి ఒక శర్తు పెట్టాడు.

"పోయి ఆడు. గెలిస్తే అరుగు నీది, ఎవలేమన్న నేను జూసుకుంట. ఓడితే మాత్రం అరుగు మీద ఆడుడు బంద్. మాట మాటే."

మా బాపు అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను పుట్టాక చూడలేదు. నాకు భయం వేసింది. అరుగు లేని మధ్యాహ్నం అంటే ఏమిటో నాకు తెలుసు. బాపమ్మ, చేట, బియ్యంలో రాళ్లు.

ఆదివారం ముగ్గురు ముసలివాళ్లూ ఇస్త్రీ బట్టలు వేసుకొని నన్ను బస్సులో తీసుకెళ్లారు. హాలు నిండా కాలేజీ కుర్రాళ్లు, లెక్చరర్లు. ఒకడు నన్ను చూసి "పాపా, సూడనీకి వచ్చినవా?" అన్నాడు. "ఓడగొట్టనీకి వచ్చిన" అన్నాను. మొదటి ఆట వాడితోనే పడింది. నాలుగెత్తులు కాగానే వాడు రాజునూ ఏనుగునూ ఒకేసారి కదిపాడు. నేను లేచి నిలబడి అరిచాను.

"సార్! ఈయన తొండి చేస్తాండు! ఒక్కసారే రెండు జరిపిండు!"

హాలంతా గొల్లుమంది. అంపైరు సారు వచ్చి, అది కోట కట్టడమనీ, చెస్‌లో అలా చేయవచ్చనీ, బంటు మొదటిసారి రెండు గడులు కూడా నడవవచ్చనీ ఓపికగా చెప్పాడు. మళ్లీ కూర్చున్నాను. సరే, వీళ్ల ఆటలో రెండు కాయిదాలు ఎక్కువున్నాయన్నమాట అనుకున్నాను. తక్కువ కూడా ఉండవచ్చని తట్టలేదు. కాసేపటికి "అయ్యో, తప్పు పెట్టిన!" అన్నాను. కుర్రవాడు ఆశపడ్డాడు, పోయాడు. రెండో ఆటలోనూ అంతే. అంపైరు వచ్చి "అమ్మా, ఇక్కడ మాట్లాడకూడదు" అన్నాడు. మూడో ఆటలో మాట లేకుండా ఉత్త చెయ్యి మాత్రమే నోటి మీద పెట్టుకున్నాను. అదీ పనిచేసింది. గోడ పక్కన నిలబడ్డ మా ముగ్గురూ, నన్ను తామే కన్నట్టు అందరివైపూ చూస్తున్నారు.

ఆఖరి ఆట గడ్డం లెక్చరర్‌తో. ఆయన దగ్గర నా అయ్యోలు పారలేదు. నెమ్మదిగా నా రాజును మూలకు నెట్టాడు. మంత్రిని తెచ్చాడు, ఏనుగును తెచ్చాడు. రా సారూ, ఇంకా దగ్గరికి రా అని లోపల నవ్వుకుంటున్నాను. గోడ దగ్గర ముసలివాళ్లు మోచేతులతో ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. ఏం జరగబోతోందో వాళ్లకూ తెలుసు. ఆయన కాయ మీంచి వేలు తీసేదాకా ఆగి, రాజును ఎత్తి దర్జాగా గుర్రంలా దుమికించాను.

లెక్చరర్ బోర్డును చూశాడు, నన్ను చూశాడు. "ఇదేమిటమ్మా?" అన్నాడు.

"రాజు దుమికిండు సార్. ఇంకా షా పడలేదు గద."

అంపైరు వచ్చి, అటువంటి రూలు లేదన్నాడు. అంతే, గోడ పక్కన మంట లేచింది.

"ఎందుకు లేదు? మా తాతల కాలం సంది దుముకుతాండు!" అని పోస్టుమాస్టరు తాత.

"ఔ సాబ్, పక్కా కాయిదా!" అని చాచా.

"మీకు ఆట రాకుంటే మమ్ముల అడుగుండ్రి!" అని మామ.

ముగ్గురినీ బయటికి పంపించారు. ముట్టుకున్నాను కనక రాజునే కదపాలన్నాడు అంపైరు. పోవడానికి ఒక్క గడి ఉంది. పెట్టాను. లెక్చరర్ ఏనుగును జరిపాడు. ఆట అయిపోయింది.

తిరుగు బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చాను. ఊరు వచ్చేముందు పోస్టుమాస్టరు తాత "తప్పు నీది గాదు బిడ్డా. మేం నేర్పిందే గట్ల" అన్నాడు. ఆయన ఓటమికి సాకు చెప్పకపోవడం అదే మొదటిసారి. దుకాణం దగ్గర బాపు అడిగితే ఓడిపోయానని చెప్పాను. ఆయన బట్ట తాను చుడుతూనే "సరే, ఇంటికి పో" అన్నాడు.

ఐదు రోజులు బియ్యంలో రాళ్లు ఏరాను. ఆరో రోజు మధ్యాహ్నం మా ఇంటి తలుపు చప్పుడైంది. ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. చాచా చంకలో బోర్డు, తాత చేతిలో ఎక్కడో సంపాదించిన ఇంగ్లీషు రూల్సు పుస్తకం.

"ఇది ఇల్లా, దుకాణమా?" అంది బాపమ్మ.

"సదువుకోనీకి వచ్చినం అక్కా. పంతులమ్మ ఉన్నదా?" అన్నాడు తాత.

పంతులమ్మ చేట అవతల పడేసి వచ్చింది. బంట్ల రెండు గడుల నడక చెప్పాను, కోట కట్టించాను. మూడు రోజులు బ్రహ్మాండంగా సాగింది. నాలుగో రోజు బాపు అన్నానికి ఆలస్యంగా వచ్చి, వాకిట్లో మూడు జతల చెప్పులు చూసి లోపలికి అడుగుపెట్టాడు.

"శర్తు ఏమాయె?" అన్నాడు.

"నీ బిడ్డ అరుగు ఎక్కలే. మమ్ముల నీ గడప ఎక్కొద్దని నువ్వు అనలే" అన్నాడు తాత, తల ఎత్తకుండానే. ఆ ధ్యాసలో పాత అలవాటుకొద్దీ రాజును గుర్రంలా దుమికించాడు. నేను ఆయన చేతి మీద ఒక్కటి వేశాను. "తాతా! ముట్టినవ్. ఇగ రాజునే జరపాలె" అన్నాను. ఆయన బుద్ధిగా వెనక్కి తీసి, ఉన్న ఒక్క గడిలో పెట్టాడు. తర్వాతి ఎత్తుకు ఆట కట్టించాను. "ఓడిన బిడ్డా" అన్నాడు. ఎండ అనలేదు, అద్దాలు అనలేదు.

ఇన్నేళ్లలో నేను ఆడగా బాపు ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులు వేసుకొని గుమ్మంలో ఆగాడు.

"నేను మాట తప్ప. అరుగు మీద ఆడుడు బంద్ అన్న" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "నేర్పుడు బంద్ అనలే. రేపటి సంది దుకాణంలనే నేర్పు."

ముగ్గురు ముసలివాళ్లూ నేనూ ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మా నలుగురిలో ఎవరికీ ఆ ఎత్తు తోచలేదు.