పది మీద చిన్న మూడు

ఛార్జింగులో వేడెక్కిన బ్యాటరీల వాసన ముక్కుకు తగిలిందంటే ఇప్పటికీ నాకు యాకూబ్ కాక గుర్తొస్తాడు. గోదావరిఖనిలో, గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలిచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే ల్యాంపు రూముకు ఆయన పెద్ద. గనిలో పనిచేసే నా భర్త జబ్బుచేసి పోయాక, ఆయన బదులు నాకు కొలువిచ్చారు. అక్కడ ఊడ్చేదాన్ని. పదో తరగతి పాసైతే దీపాల రిజిస్టరు రాసే పని ఇస్తామన్నారు. ముప్పై అయిదేళ్ల వయసులో పుస్తకం పట్టాను. మిగతావన్నీ ఒక ఎత్తు, లెక్కలు ఒక ఎత్తు.

ఘాతాంకాల దగ్గర బండి ఆగిపోయింది. 10³ అని ఉంటే ముప్పై అని రాసి, దిద్దమని కాకకు చూపించాను. ఆయన నవ్వలేదు. దీపాల ముందుకు పిలిచాడు.

"ఒక్క వరసల ఎన్ని దీపాలున్నయి బిడ్డా?"

"పది."

"ఒక్క ర్యాకుకు ఎన్ని వరసలు?"

"పది."

"గసొంటి ర్యాకులెన్ని?"

"అవి గూడ పదే కాకా."

"పదిని పదితోని, వచ్చినదాన్ని మల్ల పదితోని గుణించాలె. పదిని మూడుసార్లు రాస్తవు, గందుకే మీద మూడు. నువ్వు ముప్పై అంటివి. వెయ్యి మంది దిగినంక ముప్పై మందినే లెక్కబెడితే, మిగిలినోళ్లను ఎవరు ఎతుకుతరు?"

అవి నేను రోజూ దుమ్ము దులిపే ర్యాకులే. ఆ వేళ ప్రతి దీపం కిందా ఒక మనిషి నిలబడి ఉన్నట్టు తోచింది. ఇంత జనాన్ని ఆ పిసరంత అంకె మోస్తోందా అని నోరు తెరుచుకుని చూశాను. కాక సుద్దముక్క ఇచ్చి, 2⁵ ను విడదీసి నేల మీద రాయించాడు: 2×2×2×2×2. ముప్పై రెండు వచ్చింది.

"ఇగ రెండైదుల పది అంటవా?"

"అంటే చీపురు తిరగేసి కొట్టు కాకా!"

పరీక్షలో 3⁴ వచ్చింది. మూడును నాలుగుసార్లు రాసి గుణించాకే ఎనభై ఒకటి వేశాను. గట్టెక్కాను.

రిజిస్టరు చేతికొచ్చిన మొదటి రోజే, షిఫ్టు ముగిశాక ఒక్క దీపం తిరిగి రాక, దాని గడి ఖాళీగా ఉండిపోయింది.

"అందరియి వచ్చినయి గదక్కా, ఒక్కదానికి ఏం ఫికర్? సంతకం పెట్టు" అన్నాడు తోటి ఉద్యోగి.

నేను పెట్టలేదు. గని లోపలికి ఫోను చేయించాను. ఆ దీపం పట్టుకెళ్లిన మనిషి కాలు విరిగి, ఎవరూ తిరగని దారిలో పడి ఉన్నాడట. ఇద్దరు వెళ్లి మోసుకొచ్చారు. దవాఖానలో అతని భార్య నా చేతులు పట్టుకుంది.

"ఎట్ల కనిపెట్టినవక్కా?"

"లెక్కలు నేర్చుకున్న చెల్లే" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

కాక రిటైరై చాలా ఏళ్లయింది. నాకూ ఆ రోజు దగ్గర పడింది. ఆఖరి దీపం రాకుండా రిజిస్టరు మూయడం మాత్రం ఈ రోజుకీ నా వల్ల కాదు.