ఉండేది వేయని మేస్త్రి

సైకిల్ మేస్త్రి పోయాడని సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆత్మకూరులో షాపు షట్టర్ సగం ఎత్తి అలాగే కూలబడ్డాడట. పక్క టీకొట్టు వాళ్లు పరుగెత్తి వచ్చేసరికే ప్రాణం లేదు. "మా ఊరు ఉదయగిరికి తీసకపోతా ఉండాము అక్కా, నువ్వు రా," అంది. నాకు ఏడుపు రాలేదు. నేను ముందే తెలుసుకొని ఉండాల్సిన సంగతి ఇంకొకరు చెప్పినట్టనిపించి, ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను.

నేను ఆత్మకూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. మా ఊరు మర్రిపాడు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు. కరోనా ఏడాది బస్సులు ఆగిపోయినప్పుడు మా చెల్లెలు కాలేజీకి తొక్కిన పాత లేడీస్ సైకిల్ అటక మీంచి దింపుకున్నాను. తొక్కితే రెండు పెడళ్లూ ఊగుతున్నాయి. అలా మొదటిసారి ఆ షాపు మెట్లెక్కాను.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు మేస్త్రి. బండిని ముట్టుకునే ముందు చేతులు గుడ్డకు తుడుచుకునేవాడు, తర్వాత తుడుచుకోవడం మాత్రం మరిచిపోయేవాడు. పెడల్ ఒకసారి తిప్పి, కళ్లు మూసుకుని విన్నాడు.

"పెడళ్లని కలిపే ఇరుసు అరిగిపొయ్యింది అమ్మణ్ణీ," అన్నాడు.

డబ్బాలోంచి మూడు ఇరుసులు తీసి గోనెపట్టా మీద వరసగా పెట్టాడు. నా కంటికి మూడూ ఒకటే. ఆ మాటే అన్నాను.

"నీ కంటికి ఒకటే. సైకిల్‌కి కాదు. పొడుగైతే ముందర పళ్లచక్రం బయటికి జరగతాది, చైను వంకరగా పోయి ఎత్తు కాడ ఊడతాది. పొట్టిదైతే పళ్లచక్రం లోపలికొచ్చి ఫ్రేము గొట్టాన్ని గీకతాది. పొడుగుది పడేస్తాది, పొట్టిది కోసేస్తాది. తేడా ఎంతనుకున్నావు? వడ్లగింజంత."

పాత ఇరుసును చీపురుపుల్లతో కొలిచి గోటితో గాటు పెట్టాడు. ఆ పుల్లను మూడింటి పక్కనా ఆనించి చూసి, మూడింటినీ మళ్లీ డబ్బాలో వేసేశాడు.

"సరిపొయ్యేది నాకాడ లేదు. నెల్లూరు నించి రావాల. వారం ఆగు."

"డ్యూటీకి ఎట్లా పోవాల పెదనాయనా? ఉండేదాంట్లో ఒకటి ఎయ్యి."

"నడిచి పో. ఉండేది మాత్రం నేను ఎయ్యను."

ఆ మొండితనం మా ఆయనకు నచ్చలేదు. ఆ సాయంత్రమే సైకిల్‌ను ఇంకోచోటికి తీసుకుపోయి, అరగంటలో బాగుచేయించుకొచ్చాడు. పెడళ్లు ఊగడం మానేశాయి. కానీ తొక్కిన ప్రతి చుట్టుకీ కింద గరగరమని ఒక చప్పుడు మొదలైంది.

రోజూ ఆయన షాపు ముందునుంచే వెళ్లాలి. చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి లేచేవాడు. "అమ్మణ్ణీ, అది పొట్టి ఇరుసు! ఆపు!" అనేవాడు. నేను చెయ్యి ఊపి, రేపు ఆపుతాలే అని వెళ్లిపోయేదాన్ని. ఆసుపత్రిలో ఆ రోజులు అలాంటివి. ఒకసారి వెనకనుంచి అరిచాడు, "అరిగేది అరస్తాది మే! అరిచినన్నాళ్లూ మేలే. ఊరుకున్నాక భయపడాల!"

పదిపన్నెండు రోజులకు చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి షాపు ముందునుంచి వెళుతుంటే ఆయన కేక వేశాడు. నేను ఆగలేదు.

ఊరు దాటాక రోడ్డు మీద పిట్టపురుగు లేదు. ఎప్పుడో ఒక లారీ తప్ప ఏదీ రావడం లేదు. వెనక సైకిల్ బెల్లు వినిపించింది. తిరిగి చూస్తే దూరంగా ఒక మగమనిషి, ముఖానికి తువ్వాలు కట్టుకుని నా వెంటే వస్తున్నాడు. పెడళ్ల మీద బరువంతా వేసి తొక్కాను. బెల్లు ఇంకా గట్టిగా మోగింది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. ఎత్తు ఎక్కి, ఇక పల్లంలోకి దిగబోతుండగా బెల్లు ఆగింది. వెనక ఏదో పడిన చప్పుడు.

చూస్తే ఆ మనిషి రోడ్డు మధ్యలో కూర్చుని ఉన్నాడు. తువ్వాలు జారిపోయింది. మేస్త్రి.

సైకిల్‌ను నడిపించుకుంటూ వెనక్కి పరుగెత్తాను. ఊపిరి అందడం లేదు ఆయనకు. నాడి చూడబోతే నా చెయ్యి నెట్టేసి సైకిల్ వైపు చూపించాడు. దాన్ని పక్కకు పడుకోబెట్టాను. పళ్లచక్రం వెనక ఫ్రేము గొట్టాన్ని రంపంతో కోసినట్టు కోసేసింది. తనకు కావలసినంత చోటు కోసుకున్నాక చప్పుడు ఆపేసింది. ఆయన బొటనవేలితో నొక్కాడు. గొట్టం టక్కున విరిగి రెండైంది.

మా పక్కనుంచి ఒక లారీ పల్లంలోకి దిగిపోయింది. ఇద్దరం దాన్నే చూశాం.

"మా తమ్ముడికీ ఇట్నే," అన్నాడు. "నేనే ఏసినా. సరైన సైజు లేదని ఉండేది ఏసినా. పాలక్యాన్లు కట్టుకోని ఉదయగిరికి పొయ్యేవాడు. గీకతా ఉండాదిరా అంటే విన్లా. పది దినాలకి, 'ఆగిపొయ్యిందన్నా, సర్దుకునింది' అన్నాడు. నేనూ నవ్వినా. మర్సనాడు దిగువలో గొట్టం ఇరిగింది. ఎనక లారీ." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "వాడి బిడ్డ నాకాడే పెరిగింది. నన్నే నాయనా అంటాది."

తన సైకిల్ నాకిచ్చి పంపి, విరిగినదాన్ని తాను ఆత్మకూరు దాకా నడిపించుకుపోయాడు. గొట్టానికి అతుకు వేయనన్నాడు. వేరే పాత ఫ్రేము వెతికి, నెల్లూరు నుంచి ఇరుసు తెప్పించి, వారం తర్వాతే సైకిల్ చేతికిచ్చాడు. ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నాను. అది కిక్కురుమనదు.

ఈ వేసవిలో ఆయనే మా ఆసుపత్రికి వచ్చాడు. నాలుగు మెట్లెక్కితే ఎదలో పట్టేసినట్టుంటుందన్నాడు. నెల్లూరు పోయి గుండె పరీక్షలు చేయించుకోమని డాక్టరు గారు రాసిచ్చారు. షాపు ముందు ఆగినప్పుడల్లా అడిగేదాన్ని. "పోతాలే అమ్మణ్ణీ, ఈ బండి అయిపోనీ," అనేవాడు. పోయిన నెల అడిగితే నవ్వాడు.

"నొప్పి పొయ్యింది మే. సర్దుకున్నట్టుండాది."

మంచిదే పెదనాయనా అన్నాను. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్లుగా నర్సును నేను. ఆ మాట విని భయపడాల్సింది ఆ రోడ్డు మీద నేనొక్కదాన్నే. నవ్వి, పెడల్ మీద కాలు వేసి వెళ్లిపోయాను.

ఉదయగిరిలో కొండ నీడ వీధిలోకి దిగుతున్న వేళకు ఆయన్ను శ్మశానానికి తీసుకుపోయారు. అప్పటిదాకా కూతురు ఏడవకుండా, ఆయన గోళ్లలోని గ్రీజు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. చివరికి ఎవరో ఆమెను చెయ్యి పట్టుకుని లేపారు.

మర్నాడు షాపు దగ్గర ఆగాను. ఆదివారం ఆయన మొదలుపెట్టిన సైకిల్ ఒకటి ముందు బోర్లించి ఉంది. పాత ఇరుసు తీసేశాడు, కొత్తది ఇంకా వేయలేదు. వంగి, ఇరుసు దూరే ఆ ఖాళీ గొట్టంలోంచి చూశాను. అవతల మర్రిపాడు రోడ్డు చిన్నగా, గుండ్రంగా కనిపించింది. ఒక లారీ అందులోకి వచ్చి, అంతా నిండిపోయి, దాటిపోయింది. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.