రాబోయే ఆటలో మా గోదావరి

ఆ ఏడాది మాఘమాసంలో మా అక్క పిఠాపురంలో గుడి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక రాజమండ్రిలో మా ఇంటికి తీసుకొచ్చాం. బావగారికి వంటావార్పూ చేతకాదు. మా ఇంట్లో అయితే మా ఆవిడ ఉంది, వీధి చివరే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది. మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కొట్లో పనివాళ్లు పైకి మోసుకొచ్చారు. హాల్లో టీవీకి ఎదురుగా మంచం వేశాం.

యాభై దాటిన నాకు వీడియో గేముల పిచ్చి ఉందని బజార్లో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం భోంచేసి, షట్టరు సగం దించి, కాసేపు పైన టీవీలో ఆడుకోవడం నా అలవాటు. నేను ఆడేది ఒకటే సిరీస్. ఒక్కో భాగం ఒక్కో దేశంలో, ఒక్కో పాతకాలంలో జరుగుతుంది. ముసుగు వేసుకున్న మనిషొకడు గోడలు పట్టుకుని పాకుతూ, ఇళ్ల కప్పుల మీద పరిగెడుతూ శత్రువుల్ని వేటాడతాడు. కథ ఎలా ఉన్నా, ఆ ఊళ్లు కట్టిన తీరంటే నాకు ప్రాణం. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన సందుల్లో మళ్లీ దీపాలు వెలుగుతుంటాయి. ఎవరో నీళ్లు మోసుకెళుతుంటారు. గుడిగంట మోగితే పావురాలు లేస్తాయి.

అక్క వచ్చాక మొహమాటపడి ఆట మానేశాను. మా ఆవిడే నా పిచ్చి సంగతి అక్కకి చెప్పేసింది. మంచంలో పడుకుని పైకప్పు చూస్తూ విసిగిపోయిన అక్క, అదేంటో నాకూ చూపించమంది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగినట్టు ఉండవు. బయట ఎండకి వీధి మొత్తం నిద్రపోయేది. కర్టెన్లు వేసేస్తే తెరలోని సముద్రం నీలంగా గోడల మీద, అక్క దుప్పటి మీద కదిలేది. ఫ్యాను గాలి ఆ ఓడల తెరచాపల్లోంచి వస్తున్నట్టుండేది. అక్క సగం కళ్లు మూసుకుని చూసేది. కత్తి తీస్తే మాత్రం ఊరుకునేది కాదు.

"వాణ్ణి చంపకు తమ్ముడూ. పక్క సందులోంచి వెళ్లిపో," అనేది.

అలా మేం కథ వదిలేసి ఊళ్లు తిరగడం మొదలుపెట్టాం. బజారు కనబడితే ఆపమనేది. గిన్నెల అంగడి దగ్గర ఎంతసేపైనా నిలబడేవాళ్లం. ఆ బిందె మెడ మన పెద్దాపురం బిందెలా లేదని, దాని అంచు పల్చనని వంకలు పెట్టేది. సామాన్ల కొట్లోనే పుట్టి పెరిగినవాళ్లం కదా. కొన్నాళ్లకి రిమోట్ తనే చేతిలోకి తీసుకుంది. మొదట్లో వాణ్ణి గోడలకి గుద్దించేది. తర్వాత నెమ్మదిగా నడిపించడం వచ్చింది. పెద్ద బురుజు ఎక్కాక కిందున్న గడ్డిలోకి దూకేయొచ్చు, ఏమీ కాదు. అక్క దూకనిచ్చేది కాదు. ఎక్కిన రాళ్లే పట్టుకుని ఒక్కొక్కటిగా దింపేది. నేను కుర్చీలో కునుకు తీసి లేచేసరికి వాడు ఇంకా దిగుతూనే ఉండేవాడు.

అక్క అసలు కాళ్లు మాత్రం వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లి వచ్చేవి, అంతే. హాలు మూల నుంచి డాబా మీదకి మెట్లున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ మొదటి మెట్టు ఎక్కమని బతిమాలేది. అక్క ఆ మెట్టుకేసి చూసి, "రేపు చూద్దామండి," అనేది.

మే నెలలో ఒక రోజు గేమ్ తయారుచేసేవాళ్లు రాబోయే భాగాలు ప్రకటించారు. మొదటిది మంచు కురిసే అడవుల దేశంలోనట. దాని తర్వాత ఇంకా ఉన్నాయన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. ఫోన్లో చిన్న వీడియో వచ్చింది. చీకటి చెట్ల మధ్య మంచు పడుతూ ఉంటుంది, అంతే. బయట రోహిణికార్తె ఎండ కాస్తుంటే ఇద్దరం ఆ మంచుని మళ్లీ మళ్లీ చూశాం.

"తర్వాతవి ఎక్కడో చెప్పలేదు కాబట్టి మన ఊరు పెట్టొచ్చుగా," అంది అక్క.

ఆ మాటతో ఆ భాగాన్ని మేమే కట్టడం మొదలుపెట్టాం. కాలం చాళుక్యులది అని అక్క తేల్చేసింది. అప్పటికి వంతెనల్లేవు, ధవళేశ్వరం ఆనకట్ట లేదు. గోదావరి తన ఇష్టం వచ్చినట్టు పారుతుంది. ఈ ఎండల్లో ముసుగేసుకుంటే ఉడికి చస్తాడని మగవీరుణ్ణి తీసేసింది. చేపలమ్మే అమ్మాయిని పెట్టింది. నెత్తిన గంప పెట్టుకున్న మనిషిని కోటలోకి ఎందుకు వెళుతున్నావని ఎవరూ అడగరట. పెద్ద బురుజుల్లేవు కదా, ఏం ఎక్కుతుందని అడిగాను. తాడిచెట్లు ఎక్కుతుందంది. దూకడానికి గడ్డిమేట్లు ఉన్నాయంది. వంటింట్లోంచి మా ఆవిడ, ఏకంగా గోదాట్లోకే దూకొచ్చు కదండీ వదినగారూ అంది. శత్రువులెవరన్నది మాత్రం చాలా రోజులు తేలలేదు. చివరికి అక్కే, శత్రువులు వద్దు, వరద చాలు అంది.

నాకు అదే ధ్యాస అయిపోయింది. కొట్లో కూర్చుని ఇత్తడి తూస్తుంటే వీధి చివర, ఆటోల వెనకాల, ఒక తెరచాప నెమ్మదిగా సాగిపోతున్నట్టుండేది. తల తిప్పి చూస్తే ఎవరో ఆరేసిన దుప్పటి.

జూన్‌లో కబురొచ్చింది, మంచుదేశపు ఆట ఇప్పట్లో రాదని. నేను నీరుగారిపోయాను. అక్క మాత్రం పోనీలే అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆవిడ బజారుకి వెళ్లింది. కింద పెళ్లిసామాన్ల బేరంలో నేనున్నాను. ఉన్నట్టుండి మబ్బు కమ్మేసింది. చినుకులు మొదలయ్యాక, డాబా మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయని గుర్తొచ్చి పైకి పరిగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. వాకర్ మెట్ల కింద నిలబడి ఉంది. రెండేసి మెట్లు ఎక్కుతూ డాబా మీదకి వెళ్లాను.

డాబా మీద, మెట్లగది చూరు కింద, అక్క గడప మీద కూర్చుని ఉంది. వడియాలు పెట్టిన చీర మూటకట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఎలా ఎక్కావక్కా?"

"గోడ పట్టుకుని."

"భయం వెయ్యలేదా?"

"వేసింది. మరి వడియాలు తడిసిపోవూ?"

పక్కనే చతికిలబడ్డాను. ఇళ్ల కప్పుల అవతల గోదావరి మీంచి వాన తెల్లగా నడిచొస్తోంది. ఒక్కొక్క స్తంభాన్నే మింగుతూ వంతెన మొత్తాన్ని చెరిపేసింది. అవతలి ఒడ్డు లేదు. నీళ్లు, ఆకాశం, మధ్యలో ఎక్కడో ఒక పడవ నల్లటి చుక్కలా.

"చూడు, వంతెన లేదు," అంది అక్క మెల్లిగా.

ఏ గోదావరిని చూస్తోందో నాకు తెలుసు. నేనూ దాన్నే చూస్తున్నాను. వాన పల్చబడి వంతెన మళ్లీ బయటపడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తర్వాత నా భుజం పట్టుకుని దిగింది. మర్నాటి నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి అడక్కుండానే మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

శ్రావణమాసం ముందు అక్క పిఠాపురం వెళ్లిపోయింది. ఇప్పుడు చేతికర్రతో గుడికి వెళ్లొస్తోంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు బావగారి షుగరు సంగతి అయ్యాక, ఆ గేమ్ వాళ్లేమైనా చెప్పారా అని అడుగుతుంది. మొన్నామధ్య చెప్పారు. మంచుదేశం తర్వాత వచ్చేది ఎక్కడో ఎడారి నగరమట. వీడియో పంపించి, మన ఊరు కాదక్కా అన్నాను.

"కాకపోతేనేం, ఇసుక భలే మెరుస్తోంది," అంది. "వచ్చాక చెప్పు. ఓ పదిరోజులుండేలా వస్తాను."

విడుదల ఎప్పుడో ఇంకా తెలీదు. మా ఆవిడ మాత్రం అక్క వస్తుందని హాల్లో మంచానికి కొత్త పరుపు కుట్టించింది.