పున్నయ్య కేబుల్ వారి కానుక

మైలవరంలో బసవపున్నయ్య అంటే ఎవరో తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, కేబుల్ పున్నయ్య అంటే తెలియని ఇల్లు లేదు. వయసులో ఉన్నప్పుడు నిచ్చెన భుజాన వేసుకుని, ప్రతి స్తంభమూ ఎక్కి తనే వైర్లు లాగాడు. ఇప్పుడు కాస్త బొజ్జ వచ్చింది, సొంతంగా ఒక లోకల్ ఛానల్ కూడా ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల కొట్ల ప్రకటనలు, పండగపూట మధ్యలో ఆపకుండా ఒక సినిమా, ఇదీ ఆ ఛానల్. తెర కింద మాత్రం ఎప్పుడూ ఒకే మాట పరిగెడుతూ ఉంటుంది: "మన పాట విందాం, మన సినిమా చూద్దాం, ఇదే అసలైన దేశభక్తి. మీ పున్నయ్య."

ఊరికే రాయించిన మాట కాదది. కొరియా సీరియళ్ళు చూసే పిల్లలు కనబడితే నిలబెట్టి క్లాసు పీకుతాడు. "మనోళ్ళని మనం చూడకపోతే ఇంకెవడు చూస్తాడ్రా?" అని గద్దిస్తాడు. మైకు దొరికితే ఒక పట్టాన వదలడు, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి సింధూరి దొరికింది. ఆయన చిన్ననాటి స్నేహితుడి కూతురు. బెజవాడలో ఉద్యోగం మానేసి, మైలవరం వీధుల్లోనే, ఇక్కడి మనుషులతోనే ఒక సినిమా తీసింది. పాటలు కట్టింది కూడా బెజవాడ కుర్రాడే. పెద్ద హీరో సినిమా వచ్చేలోపు వేసుకోమని ఊళ్ళో ఒక థియేటర్ వాళ్ళు ఒప్పుకున్నారు. ఆగస్టు పదిహేను సెలవు కాబట్టి ఆ రోజు ఫస్ట్ షోకి హాలు నిండితే ఇంకో వారం ఉంచుతామని, లేకపోతే తీసేస్తామని మేనేజరు ముందే చెప్పేశాడు.

సింధూరి పెన్‌డ్రైవ్ పట్టుకుని పున్నయ్య ఆఫీసుకి వచ్చింది. "సినిమా మొత్తం ఇందులో ఉంది బాబాయ్. మీకు నచ్చిన ముక్కలు కత్తిరించి ప్రకటనల్లో వేయండి. జనాన్ని హాలుకి రప్పించే పూచీ మీదే" అంది.

"నువ్వు నిశ్చింతగా ఉండమ్మా" అన్నాడు పున్నయ్య.

ముక్కలు వేశాడు. బాగానే వేశాడు. పంద్రాగస్టు పొద్దున ఆఫీసు ముందు జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచి లోపలికి వచ్చాక ఆనవాయితీ గుర్తొచ్చింది. ఏటా ఆ రోజు మధ్యాహ్నం ఛానల్లో దేశభక్తి సినిమా వేస్తాడు. ఎప్పుడూ అవే పాతవి. పెన్‌డ్రైవ్ బల్ల మీదే ఉంది. మన ఊరి పిల్ల తీసిన సినిమాని మించిన దేశభక్తి ఇంకేముంటుంది అనిపించింది. ఇంట్లో చూసి మెచ్చుకున్నవాళ్ళు సాయంత్రం పిల్లాజెల్లాతో హాలుకి పరిగెత్తరూ? నిజం చెప్పాలంటే, అంతకంటే ముందు ఆయన బుర్రలో మెదిలింది తెర కింద పడబోయే అక్షరాలు: "స్వాతంత్ర్య దినోత్సవ సందర్భంగా పున్నయ్య కేబుల్ వారి కానుక." సినిమా మొదలుపెట్టి, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. తను మాత్రం చూడలేదు.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి జెండా బిళ్ళ తగిలించుకుని, భార్య సుబ్బరత్నంతో థియేటర్‌కి వెళ్ళి టికెట్లు కొన్నాడు. బళ్ళ స్టాండు బోసిగా ఉంది. గేటు దగ్గర సింధూరి పట్టుచీర కట్టుకుని, వచ్చినవాళ్ళకి ఇద్దామని గులాబీల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"మీరైనా వచ్చారు బాబాయ్. పొద్దున అందరూ వస్తామన్నారు. ఏమైందో ఏంటో" అంది.

"వస్తార్లేమ్మా. మన జనం ఎప్పుడు టైముకొచ్చారు గనక!"

అంతలో ఆయన ఫోన్ మోగింది. చెవి సరిగా వినబడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు. చేసింది మాణిక్యమ్మ, సింధూరి వాళ్ళ వీధిలో పెద్దావిడ.

"పున్నయ్యా, నీ కడుపు చల్లగుండ! సాయంత్రం సినిమాకెళ్దామని చీరలు కూడా తీసి పెట్టుకున్నాం. ఇంతలో నీ ఛానల్లోనే వచ్చేసె. ఇంకెందుకని మళ్ళీ బీరువాలో పెట్టేశాం. మా వీధి వీధంతా ఇళ్ళల్లోనే కూర్చుని చూశారనుకో. ఆ చివర్లో మాత్రం ఏడుపాగలేదయ్యా. ఆ పిల్లకి చెప్పు!"

పున్నయ్య ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. సుబ్బరత్నం మొగుడి వంక ఒకసారి చూసి తల దించుకుంది.

"మొత్తం వేసేశారా బాబాయ్?" అంది సింధూరి.

పున్నయ్య తల ఊపాడు. నీ మంచికేనమ్మా అనబోయాడు గానీ, ఆ మాటలో సగం అబద్ధమని తనకే తెలుసు. నాలుగు తిట్టినా బాగుండేది. సింధూరి తిట్టలేదు. పళ్ళెం సుబ్బరత్నం చేతికిచ్చి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, "చివర్లో ఏడ్చారంటగా. ఆ సీను మీకెలా అనిపించింది బాబాయ్?" అని అడిగింది. ఆ అడగడంలో ఇంకా ఆశ ఉంది.

ఆ సీను ఏమిటో పున్నయ్యకి తెలియదు.

"చూళ్ళేదమ్మా" అన్నాడు. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు. మన సినిమా చూడండని ఇన్నేళ్ళుగా ఊరందరి నెత్తినా మొత్తిన మనిషి, చేతిలో పెట్టిన సినిమాని తను చూడకుండానే పంచిపెట్టాడు. దాని మీద తన పేరు మాత్రం వేసుకున్నాడు.

మేనేజరు బయటికి వచ్చాడు. "ఇద్దరి కోసం షో ఏం వేస్తామండీ? హాలు నిండలేదు కాబట్టి రేపట్నించి పెద్ద సినిమా వేసేస్తాం. మీ డబ్బులు వాపసు తీసుకోండి" అన్నాడు.

"వేయండి సార్" అంది సింధూరి. "మా బాబాయ్ ఇంకా చూడలేదంట."

పున్నయ్య జేబుకున్న జెండా బిళ్ళ ఊడదీసి లోపల పెట్టుకుని, ఖాళీ హాల్లోకి నడిచాడు.