మేకులు కొట్టిన కిటికీ

రేవు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఐసు మేస్త్రికి నోరు పెద్దది, ఇల్లు చిన్నది. ఇల్లు అనడం కూడా మర్యాద కోసమే. ఒకటే గది, ఆ గదిలోనే పొయ్యి, పొయ్యి పక్కనే పాప పక్క. చుట్టాలెవరైనా వస్తే గుమ్మం బయటే కూర్చోబెట్టి "లోపల ఉక్కగా ఉందిలెండి" అని బుకాయించేవాడు. నోటి విషయంలో మాత్రం ఎవడికీ జంకింది లేదు. ఆ రేవులో చేపలకి ఐసు చేసే ఫ్యాక్టరీలు వీధి పొడుగునా ఉండేవి. యజమాని ఒక్క మాట తేడాగా అన్నాడంటే చాలు, చేతిలో పానా నేలకేసి కొట్టి, రోడ్డు దాటి, ఎదుటి ఫ్యాక్టరీలో మధ్యాహ్నానికల్లా పనిలో చేరిపోయేవాడు. పాత యజమాని సాయంత్రం మనిషిని పంపి బతిమాలించుకోవాల్సిందే. అదీ దర్జా అంటే!

పనిమంతుడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఐసు యంత్రాల్లో తిరిగేది అమోనియా. కంటికి కనపడదు, ముక్కుకి తగిలిందంటే మాత్రం కళ్ళలో కారం కొట్టినట్టుంటుంది, ఎక్కువైతే ఊపిరే ఆడదు. రేవులో ఎప్పుడైనా గొట్టం లీకైతే తడిగుడ్డ మొహానికి చుట్టుకుని గాలికి ఎదురు పరిగెత్తడమే తెలుసు వాళ్ళకి. సముద్రపు గాలి వచ్చి ఆ వాసననంతా చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చుకుపోయేది. అందరూ దగ్గుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ మళ్ళీ పనిలోకి దిగేవాళ్ళు.

ఇంతలో రేవు చుట్టూ మేడలు లేచాయి, అద్దెలు వాటికంటే పైకి లేచాయి. ఇల్లుగలావిడ గుమ్మంలో నిలబడి "ఏమనుకోకండీ" అన్నదంటే ఇక సామాను మూట కట్టుకోవడమే. ఇలా ఎన్ని ఇళ్ళు మారారో వాళ్ళకే గుర్తులేదు. ఆఖరిసారి మారినప్పుడు మేస్త్రి భార్య మూటల మధ్య చతికిలబడి, "ఇవి విప్పడం ఎందుకండీ? ఇలాగే ఉంచేస్తే మళ్ళీ కట్టుకునే బాధ తప్పుతుంది కదా" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు మేస్త్రికి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

సరిగ్గా అప్పుడే లారీ నడిపే బావమరిది ఒక కబురు మోసుకొచ్చాడు. సముద్రం నుంచి ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊరి కబురు అది.

"బావా, అక్కడ ఇళ్ళు అడిగే నాథుడు లేడు. ఇక్కడ నువ్వు గుమ్మం కొనే డబ్బుకి అక్కడ ఇల్లే వచ్చేస్తుంది. బంగాళాదుంపలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది, దానికి మేస్త్రి కావాలంట."

"ఎన్నున్నాయిరా స్టోరేజీలు?"

"ఒకటే. నీకెన్ని కావాలేంటి? నువ్వొక్కడివేగా!"

అందరూ పగలబడి నవ్వారు, మేస్త్రి కూడా నవ్వాడు. ఆ 'ఒకటే' అన్న మాట దగ్గర కాస్త ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ సొంతిల్లు అన్న మాట చెవిన పడ్డాక ఆగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా?

ఇల్లు నిజంగానే ఇల్లులా ఉంది. నాలుగు గదులు, వెనక దొడ్డి, దొడ్డిలో నీళ్ళ తొట్టి. అమ్మే ఆవిడే తాళాలు పట్టుకుని దగ్గరుండి చూపించింది. ఆవిడ భర్త వీధిలో వ్యాను దిగలేదు, రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ అందులోనే కూర్చున్నాడు. "కళ్ళకలక" అందావిడ, అడక్కుండానే. బేరం కూడా పెద్దగా ఆడలేదు. చివరి గదిలో తూర్పు వైపు ఉన్న పెద్ద కిటికీకి మాత్రం చెక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. సందుల్లో ఆకుపచ్చ గళ్ళ గుడ్డ పేలికలు కుక్కి ఉన్నాయి.

"ఇదేంటమ్మా, ఇలా మూసేశారు?" అన్నాడు మేస్త్రి.

"దుమ్మండీ. దుమ్ము పడుతుందని." ఆవిడ ఆ మాట నేలకేసి చూస్తూ చెప్పింది. డబ్బు ముట్టిన రోజే వెళ్ళిపోయారు, గూట్లో గిన్నెలు కూడా గూట్లోనే వదిలేసి.

మేస్త్రి భార్య ఆనందం చూడాలి మీరు! చెప్పుల్లేకుండా గది తర్వాత గది తిరుగుతూ, గోడల్ని చేత్తో నిమురుతూ, "ఏవండీ, ఇక్కణ్ణుంచి పిలిస్తే మీకు వినపడుతోందా?" అని అరవడం, వినపడకపోతే మురిసిపోవడం. మర్నాడు పొద్దున్నే సుత్తి పట్టుకుని కిటికీ మేకులన్నీ తనే పీకేసింది. "ఇంత వెలుతురు పెట్టుకుని ఎవరైనా గుడ్డి బతుకు బతుకుతారా?" అంటూ పాప మంచం ఆ కిటికీ కిందకే జరిపింది. కిటికీలోంచి చూస్తే ఖాళీ జాగా, దాని అవతల కోల్డ్ స్టోరేజీ తెల్ల రేకుల గోడ. "మీరు పని చేస్తున్నారో, కబుర్లు చెబుతున్నారో ఇక్కణ్ణుంచే కనిపెడతా" అని మొగుణ్ణి ఆటపట్టించింది.

ఆయన పనికి నడిచి వెళ్తూ ఆ ఖాళీ జాగా మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూశాడు. వీధిలో ఇళ్ళన్నిటికీ ఈ వైపు కిటికీలు మూసే ఉన్నాయి. కొన్నిటికి చెక్కలు, కొన్నిటికి రేకులు, ఒకదానికైతే ఇటుకలు పేర్చి సిమెంటు పూసేశారు. తెరిచి ఉన్నది ఒక్క తమ కిటికీయే. "వింత జనం!" అనుకున్నాడు. అనుకున్నాడే గానీ గేటు చేరేలోపు ఇంకో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

అసలు ఆ ఊళ్ళో గాలన్నదే కదలదు. చుట్టూ గుట్టలు, మధ్యలో ఊరు, గిన్నె అడుగున ఉన్నట్టు. పొయ్యి పొగ ఇంటి మీదే నిలబడి ఉంటుంది. ఆరేసిన బట్ట ఊగదు. రోజూ ఇంటికి రాగానే మేస్త్రి చొక్కా విప్పి విసురుకుంటూ, "ఏం ఊరే ఇది! ఆకైనా కదలదే!" అని తిట్టిపోసేవాడు. "గాలి లేకపోతేనేం, గదులున్నాయిగా" అనేది భార్య.

యంత్రాల గదిలో మొదటి కొన్నాళ్ళూ యజమాని ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. మంచి మాటకారి, 'తమ్ముడూ' అనకుండా మాట మొదలుపెట్టడు. యజమాని ఊళ్ళో లేని రోజున మేస్త్రి నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాడు. లోపల ఒత్తిడి పెరిగితే గ్యాసుని బయటికి వదలాల్సిన సేఫ్టీ వాల్వు ఉంటుంది కదా, దాని గొట్టం మూతికి బిరడా బిగించి ఉంది. గ్యాసు వృథా పోకుండా! కిందికి దిగి పెద్ద గొట్టం మీది తొడుగు తప్పించి చూస్తే, ఇనుము తుప్పు తిని పొరలుగా రాలుతోంది. ఒక అతుకు దగ్గర ఎవరో గుడ్డ బిగించి కట్టి పైన తారు పూశారు. తారు గీకితే గుడ్డ కనపడింది. ఆకుపచ్చ గళ్ళు.

తొడుగు మళ్ళీ కప్పేసి బయటికొచ్చాడు. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దాయన్ని అడిగాడు. "నాకు ముందు ఇక్కడ చేసినాయన ఎవరు తాతా?"

"అదేంటి బాబూ, నువ్వుంటున్న ఇల్లు ఆయనదేగా."

"మరి ఆ కళ్ళు?"

"ఓసారి కొంచెం లీకయింది. ఎక్కువేం కాదు, ఆ వాసన మూడు పూటలు ఊరి మీదే కూర్చుంది. ఆయన కళ్ళు అప్పట్నుంచే అలా." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇళ్ళు ఊరికే అంత చవగ్గా వస్తాయనుకున్నావా బాబూ?"

యజమాని తిరిగి రాగానే మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యంత్రం ఆపాలి, గ్యాసు ఖాళీ చెయ్యాలి, గొట్టం మార్చాలి, ఆ బిరడా ఇప్పుడే పీకాలి. యజమాని ఓపిగ్గా విన్నాడు.

"గదుల నిండా సరుకుంది తమ్ముడూ. ఇప్పుడు ఆపితే అంతా కుళ్ళిపోతుంది. సరుకు ఖాళీ అవగానే చూద్దాం."

"అప్పటిదాకా ఆగదండి అది. పేలితే ఈ ఊరంతా పోతుంది!"

"మరి నీ ఇష్టం. బలవంతం ఏముంది?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసేసరికి మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. పానా నేలకేసి కొట్టి, గేటు తోసుకుని, విసవిసా రోడ్డు దాటాడు.

దాటి ఆగాడు. ఎదురుగా ఏముంది? బోసి జాగా. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళని అటు తీసుకొచ్చింది గానీ, చేరడానికి అక్కడ ఫ్యాక్టరీ ఏది? ఎండలో మనిషి పిచ్చివాడిలా నిలబడిపోయాడు. గేటు లోపల్నుంచి యజమాని చూస్తూనే ఉన్నాడు, పిలవలేదు.

ఇంటికెళ్ళి సాయంత్రం దాకా వాకిట్లో కూర్చున్నాడు, మనిషిని పంపిస్తాడేమోనని. ఎవరూ రాలేదు. మర్నాడు ఊరంతా తిరిగాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం వాడు, "నాకే పని లేక ఈగలు తోలుకుంటున్నాను, నీకేం ఇవ్వను?" అన్నాడు. ఇల్లు అమ్మేస్తానంటే బ్రోకరు మొహం అదోలా పెట్టాడు. "మీకు అమ్మడానికి వాళ్ళు ఎన్నేళ్ళు కాచుకున్నారో తెలుసా? మీరూ ఎవరో ఒకరు బయటూరివాళ్ళు దొరికేదాకా కాచుకోవాల్సిందే." రేవుకి తిరిగి పోదామంటే చేతిలో ఉన్నదంతా ఈ గోడల్లోనే పోశాడాయె. భార్య వంటింట్లో కొత్త అరలకి రంగు వేసుకుంటోంది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక, యజమాని సెలవిచ్చాడని చెప్పాడు.

వారం తిరక్కుండానే తనంతట తనే గేటు దగ్గరికి వెళ్ళాడు. యజమాని కుర్చీలోంచి లేవలేదు.

"నీ పానా అక్కడే ఉంది తమ్ముడూ. ఎవరూ ముట్టుకోలేదు."

విసిరిన చోటే ఉంది. మేస్త్రి వంగి తీసుకున్నాడు. రేవులో ఏ యజమాని ముందూ వంగని నడుము అది. పానా తీసుకుని, కారుతున్న అతుకుని ఇంకో చుట్టు గుడ్డతో బిగించి, పైన తారు పూశాడు. బిరడా జోలికి పోలేదు. బిగిస్తున్నంతసేపూ సన్నగా బుస్సుమంటూనే ఉంది. కళ్ళు మండాయి. గాలికి ఎదురు పరిగెడదామన్నా ఎటు పరిగెత్తాలో తెలియని ఊరు.

పొద్దువాలుతుండగా ఇంటికొచ్చేసరికి పాప కిటికీ కింద మంచం మీద కూర్చుని కళ్ళు నులుముకుంటోంది. "మధ్యాహ్నం నుంచీ కళ్ళు మంట మంట అంటోందండీ" అంది భార్య. మేస్త్రి పాప మంచాన్ని లాగి ముందు గదిలో వేశాడు. దొడ్లో పడున్న చెక్కలు తెచ్చాడు. మేకులు భార్య ఒక డబ్బాలో దాచి ఉంచింది, పారెయ్యడానికి మనసొప్పక. ఆ పాత మేకుల్నే పాత కన్నాల్లో పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు.

సుత్తి చప్పుడికి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏంటండీ ఇది! ఎందుకు మూసేస్తున్నారు?"

"దుమ్ము" అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండా. "దుమ్ము పడుతోంది."

"ఈ ఊళ్ళో గాలే కదలదని రోజూ తిట్టేది మీరేగా. దుమ్మెక్కణ్ణుంచి వస్తుంది?"

ఆయన ఇంకో మేకు అందుకున్నాడు. ఆవిడ ఇంకా మూయని సందులోంచి అటు చూసింది. ఖాళీ జాగా, అవతల తెల్ల రేకుల గోడ. తర్వాత మొగుడి కళ్ళు చూసింది, ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. వ్యానులో కూర్చున్న మనిషి గుర్తొచ్చాడేమో, సుత్తి ఉన్న చేతిని పట్టుకుంది.

"మానెయ్యండి. ఆ పని మానెయ్యండి" అంది మెల్లగా.

"మానేసి?" అన్నాడు. రేవులో వీధి చివరికి వినపడే గొంతు ఆవిడకే సరిగ్గా వినపడలేదు. "ఈ ఇల్లు ఎవరికి అమ్ముతావే?"

ఆవిడ లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. మేస్త్రి చివరి మేకు కొడుతుండగా, ముందు గదిలో పాత చీరని సందుల్లో కుక్కడానికి పేలికలుగా చింపుతున్న చప్పుడు వినపడింది.