తొమ్మిదిన్నర చేపలు తక్కువ

ఫలానికో చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. అయినా ముప్పై ఒక్క ఏళ్లుగా పసిఫిక్ సముద్రంలోని ఆ తోకెలావు దీవిలో చేపలు పంచేది ఆయనే. ఎవరి గాలానికి పడినా సరే, ఊరంతా కలిసి వేటకు వెళ్లిన రోజు ఒక్క చేప కూడా నేరుగా ఇంటికి పోదు. అన్నీ ఒడ్డున ఇసుక మీద పోస్తారు. ఫలానికో నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఊళ్లో ఈ పూట ఎందరున్నారో మనసులో లెక్క వేసుకుంటాడు. తర్వాత ముప్పై ఎనిమిది ఇళ్లకు ముప్పై ఎనిమిది కుప్పలు పెట్టిస్తాడు. కుప్ప సైజు ఇంట్లో ఉన్న మనుషుల్ని బట్టి ఉంటుంది. పొద్దున పుట్టిన పసిగుడ్డు కూడా ఒక మనిషి కిందే లెక్క. ఈ పంపకాన్ని అక్కడ ఇనాతి అంటారు.

ఆ ఊరి బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పేది లెపేకా. చెప్పేది అనడం కన్నా, పుస్తకంలో ఉన్నదాన్ని బోర్డు మీదికి ఎక్కించేది అనడం న్యాయం. పక్క దీవి నుంచి కోడలిగా వచ్చింది. మొగుడు ఓడల మీద పని చేస్తూ ఏడాదికోసారి ఇంటికొస్తాడు. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం తాత్కాలికం.

పోయిన ఏడాది పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఏడు చేపలను మూడు కుటుంబాలకు సమానంగా పంచితే ఒక్కో కుటుంబానికి ఎన్ని? ఇరవై ఒక్క మంది పిల్లలూ ఒకరిని చూసి ఒకరు రాయకుండానే ఒకే జవాబు రాశారు: ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పండి. అందరికీ సున్నా. భిన్నాల కూడికలకూ, మైనస్ లెక్కలకూ వచ్చిన మార్కుల గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అపియాలోని విద్యాశాఖ ఆఫీసు నుంచి ఓడలో ఉత్తరం వచ్చింది. ఒక టర్ము చూస్తారట, అప్పటికీ ఇంతే అయితే వేరే టీచర్ని పంపుతారట. ఉద్యోగం పోతే లెపేకా పిల్లల్ని తీసుకుని పుట్టింటి దీవికి పోవడమే.

మర్నాడే పెనీనా అనే పన్నెండేళ్ల పిల్ల లేచి అడిగింది. "టీచర్, ఒకటి బై మూడూ ఒకటి బై నాలుగూ కలిపితే రెండు బై ఏడు ఎందుకు కాదు? పైవి పైన, కిందివి కింద కలిపితే సరిపోతుందిగా?"

లెపేకాకు తెలిస్తే కదా చెప్పడానికి! "పుస్తకంలో అలా లేదు, కూర్చో" అంది. ఆ మాట అన్నందుకు సాయంత్రం దాకా తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే పడవలు వచ్చాయి. కుప్పలన్నీ పెట్టాక పెద్ద సూర చేప ఒకటి మిగిలింది. ఒక ఇంటికి అందులో మూడో వంతు రావాలి, ఇంకో ఇంటికి నాలుగో వంతు. ఫలానికో కత్తి పట్టుకుని పన్నెండు ముక్కలు కోయడం మొదలుపెట్టాడు.

"పన్నెండెందుకు బాబాయ్? మూడూ నాలుగూ కదా కావాల్సింది?" అంది లెపేకా.

"మూడు చేసి కోశాననుకో, నాలుగో వంతు అడిగినావిడ నన్ను తంతుంది. నాలుగు చేస్తే మూడో వంతు కావాల్సినావిడ తంతుంది. పన్నెండు చేస్తే ఇద్దరికీ తెగుతుంది. ఇదిగో నాలుగు ముక్కలు ఆవిడకి, మూడు ఈవిడకి. ఏడు పోయాయి, ఐదున్నాయి. ఇందులో ఏముందమ్మాయ్?"

"ఏడులో రెండు కాదా మరి?"

ముసలాయన కత్తి దించి ఆమెను ఎగాదిగా చూశాడు. "మూడో వంతుకి ఇంకొంచెం కలిపితే పెరగాలా తగ్గాలా? ఏడు చేసి రెండు తీస్తే మూడో వంతంత కూడా రాదు. నువ్వు బళ్లో టీచరువేనా తల్లీ?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. లెపేకాకు సిగ్గుతో ముఖం కందిపోయింది, అయినా ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. మర్నాడు తరగతి మొత్తాన్నీ ఒడ్డుకు తీసుకొచ్చింది.

ఆ టర్మంతా పిల్లలు ఫలానికో వెనకే తిరిగారు. మైనస్ అంటే ఏమిటో కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఈ పూట ఒక ఇంటికి పావు చేప తగ్గితే, వచ్చే వేటలో ఆ ఇంటికి పావు కలుపుతాడు. అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. లెపేకా దాన్ని బడిలో పెద్ద బోర్డు మీదికి తెచ్చింది. ముప్పై ఎనిమిది ఇళ్లు, రావాల్సిన దానికన్నా ఎక్కువొస్తే ప్లస్, తక్కువైతే మైనస్. భిన్నాలంటే జ్వరం తెచ్చుకునే పిల్లలు, మా ఇల్లు ఎక్కడుందంటూ బోర్డు దగ్గర తోసుకునేవాళ్లు.

టర్ము చివర పరీక్షాధికారి దిగాడు. పేపర్లు దిద్దాడు, తల ఊపాడు. కానీ బోర్డు ముందు ఆగిపోయాడు.

"మిగతా ఇళ్లలో ఎక్కడా సగం చేపకు మించి తేడా లేదు. ఈ ఒక్క ఇంటికీ మైనస్ తొమ్మిదిన్నరా? తప్పు లెక్కను గోడకెక్కించి పిల్లలకు నేర్పుతున్నావా అమ్మా?"

ఆ అంకెను లెపేకా కూడా మూడుసార్లు సరిచూసింది. ప్రతిసారీ అదే వచ్చింది. అయినా పొద్దున డస్టర్ చేతిలోకి తీసుకుంది, చెరిపేస్తే పీడా పోతుందని. చెయ్యి రాలేదు.

పెనీనా లేచింది. "తప్పు కాదు సార్. పద్నాలుగు ఇళ్లకి పావు చొప్పున ఎక్కువొచ్చింది. పన్నెండు ఇళ్లకి సగం చొప్పున. మిగతావి సున్నా. మీరే కలపండి."

ఆయన సుద్దముక్క తీసుకున్నాడు. పద్నాలుగు పావులు మూడున్నర. పన్నెండు సగాలు ఆరు. మొత్తం తొమ్మిదిన్నర. ప్లస్సూ మైనస్సూ పోగా సున్నా.

"ఎవరిదీ ఇల్లు?"

"చేపలు పంచే తాతది సార్."

ఆయన లెపేకాను పర్మనెంటు చేయమని అక్కడే కూర్చుని రాసి, సంతకం పెట్టి చేతికిచ్చాడు.

ఆమె ఆ కాగితంతో పరుగున ఒడ్డుకు వెళ్లింది. ఫలానికో కత్తి నూరుకుంటున్నాడు.

"బాబాయ్, ఉద్యోగం నిలిచింది. నా పిల్లలు ఇక్కడే పెరుగుతారు. నీ చలవే. నీకెలా చెప్పుకోవాలో తెలియడం లేదు."

"మంచిది. మరి నా ఇల్లు బోర్డు మీదికెందుకెక్కించావ్? ఎవరడిగారు నిన్ను?" అని కసిరాడు.

"ఆ సగాలొచ్చిన పన్నెండు ఇళ్లలో మాదొకటి."

"అయితే ఏం? పన్నెండూ చిన్నపిల్లలున్న ఇళ్లే. నేనూ మా ముసలిదీ ఎంత తింటాం?"

అంటే అది పొరపాటున మిగిలిన సగం కాదు. లెక్క తెలిసినవాడు లెక్క ప్రకారమే తన కుప్పలోంచి తీసి పెట్టిన సగం. లెపేకాకు కళ్లు నిండాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"వచ్చే వేట నుంచి ప్రతిసారీ మా కుప్పలో సగం చేప నీ బుట్టలో వేస్తాను బాబాయ్."

"వేస్తే మీ ఇంటికి మైనస్ పడుతుంది, చూసుకో."

"పడనీ. నా చేత్తోనే రాస్తాను" అంది లెపేకా.