అత్త ఇచ్చిన తమ్మపడిగ

హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావను కంపెనీవాళ్ళు ట్రైనింగుకు ఫ్రాన్సు పంపుతున్నారు. అది అయ్యాక నాలుగు రోజులు ఆగి, ద్రాక్షతోటలు తిరిగి, వైన్ రుచి చూసి వస్తానని ఇవాళ బాగలూరులో వాళ్ళమ్మకు, అంటే మా అత్తకు, చెప్పాడు. ఊళ్ళో ఎవరి కంటా పడకుండా ప్రతి ఆదివారం కర్ణాటక సరిహద్దు దాటి అత్తిబెలెలో గొంతు తడుపుకొచ్చే మనిషి, మా అత్త ముఖం చూసి తడబడ్డాడు.

"తాగేది కాదమ్మా. ఆడ పెద్దోళ్ళంతా నోట్లో పోసుకొని, పుక్కిలించి ఉమ్మేస్తారు. నేనూ అంతే."

అత్త నోట్లోని తాంబూలాన్ని ఒక బుగ్గకు నెట్టి ఆలోచించింది. "మింగకుంటే తప్పు లేదు. పొయ్యి రాప్పా" అంది.

బావ ముఖం వెలిగిపోయింది. అంతలో ఆవిడ లేచి, తాను రోజూ తాంబూలం ఉమ్మే ఇత్తడి తమ్మపడిగను తోమి తెచ్చి, బావ పక్కనే కూర్చున్న మా అక్క చేతిలో పెట్టింది.

"నువ్వూ మొగుని వెంట పోమ్మా. గ్లాసులో ఎంత పోస్తే దీంట్లో అంత పడాల."

సాయంత్రం నుంచి అక్క హుషారుగా పెట్టె సర్దుతోంది. బావ మాత్రం తోటలూ వద్దు, ఏమీ వద్దు, ట్రైనింగు కాగానే వచ్చేస్తానంటున్నాడు. ఫ్రాన్సు వైన్ మీద ఆయనకు ఉన్నట్టుండి ఇంత విరక్తి ఎందుకు పుట్టిందో, అత్తిబెలె దారి తెలిసినవాళ్ళెవరైనా చెప్పండి.